అపార్ట్‌మెంట్ బైలాస్ ఫైల్లో కొన్ని పేజీలు మాత్రమే లాక్ చేసి, మిగతావి అందరికీ వదిలేయడం ఎలా?

సి_బ్లాక్_సెక్రటరీ

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్. సొసైటీ బైలాస్ (సంఘం నియమావళి), దాని వెనకాలే అనుబంధాలు, అంటే ఫ్లాట్ల వారీగా ఓనర్ల పేర్లు, పార్కింగ్ నంబర్లు, అద్దెకున్నవాళ్ల వివరాలు, కమిటీ లిస్టు, అన్నీ కలిపి ఒకే గూగుల్ డాక్‌లో ఉన్నాయి. పాత కమిటీ వాళ్లు తయారు చేసింది, మాకు అలాగే అప్పజెప్పారు. ఏ బ్లాక్ వివరాలు ఆ బ్లాక్ వాళ్లే నింపుకుంటారని లింకు తీసుకెళ్లి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అదీ లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు అనే సెట్టింగ్‌తో.

ఇప్పుడు గొడవేంటంటే, మెయింటెనెన్స్ క్లాజులో "చదరపు అడుగుల లెక్కన" అని ఉండాల్సిన చోట "ప్రతి ఫ్లాటుకూ సమానంగా" అని ఉంది. ఎవరు మార్చారో తెలీదు. మీలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇది చిన్న మార్పు కాదు, ట్రిపుల్ బెడ్‌రూమ్ వాళ్లకి లాభం, డబుల్ బెడ్‌రూమ్ వాళ్లకి నెత్తిన బండ. పైగా జనరల్ బాడీ మీటింగ్ దగ్గర పడింది. నేను ఎవరినీ అనడం లేదు, పొరపాటున ఇంత చక్కని వాక్యం ఎలా పడిందా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

నాకు కావాల్సింది ఇంతే. బైలాస్ పేజీలు ఎవరూ ముట్టుకోకూడదు, అనుబంధాలు మాత్రం ఎప్పట్లాగే బ్లాక్ వాళ్లు నింపుకోవాలి. గూగుల్ షీట్స్‌లో రేంజ్ (ఎంచుకున్న కొన్ని గడులు) లాక్ చేయడం చూశాను, డాక్స్‌లో ఎంత వెతికినా ఆ ఆప్షన్ దొరకలేదు. ఇద్దరు బ్లాక్ ప్రతినిధులు పనంతా ఫోన్‌లోనే చేస్తారు, ట్రెజరర్ గారు రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఆయనకి కంప్యూటర్‌లో వర్డ్ తప్ప ఇంకేదీ పడదు. డబ్బు పెట్టి కొత్తగా ఏదీ కొనే ఉద్దేశం లేదు.

నైట్‌షిఫ్ట్

అన్నా, వెతికి వెతికి కళ్లు పాడుచేసుకోకండి, గూగుల్ డాక్స్‌లో ఆ ఆప్షన్ లేదు. పర్మిషన్ మొత్తం ఫైలుకే ఉంటుంది. ఒక మనిషి ఆ ఫైలుకి వ్యూయర్, కామెంటర్, ఎడిటర్, ఈ మూడిట్లో ఏదో ఒకటి అవుతాడు, మూడో పేజీ దాకా వ్యూయర్, నాలుగో పేజీ నుంచి ఎడిటర్ అనేది కుదరదు. 2024లో డాక్స్‌కి ఎడమ పక్కన ట్యాబ్‌లు వచ్చాయి కదా, వాటితో అవుతుందని కొందరు అంటుంటారు, అవదు, ట్యాబ్‌కి వేరే పర్మిషన్ ఇవ్వలేం.

కాబట్టి మొదట ఆ లింకు సెట్టింగ్ తీసేయండి, ఇవాళే. షేర్ బటన్ నొక్కి జనరల్ యాక్సెస్‌ని రిస్ట్రిక్టెడ్‌కి మార్చి, ఎడిట్ చేయాల్సిన వాళ్లని ఒక్కొక్కరిని జీమెయిల్ ఐడీతో చేర్చండి. అక్కడే గేర్ గుర్తు ఉంటుంది, అందులో ఎడిటర్లు ఇంకొకరికి షేర్ చేయొచ్చు అనే టిక్కు కూడా తీసేయండి, లేదంటే మీరు ముందు తలుపు వేస్తుంటే వాళ్లు వెనక తలుపు తీస్తారు. అద్దెకున్నవాళ్ల వివరాలు కూడా అందులోనే ఉన్నాయంటున్నారు, అవి ఇన్నాళ్లూ ఎన్ని ఫార్వర్డ్‌లు తిరిగాయో.

ఎవరు మార్చారన్నది మాత్రం తెలియకపోవచ్చు. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ రోజు, ఏ టైంకి ఆ లైను మారిందో రంగుతో సహా కనిపిస్తుంది, కానీ ఓపెన్ లింకు మీద వచ్చినవాళ్ల పేర్లు రావు, ఎనానిమస్ అని పడుతుంది. పాత లైను కోసం అక్కడున్న రిస్టోర్ మాత్రం నొక్కకండి. అది ఫైలు మొత్తాన్ని ఆ రోజుకి తీసుకెళ్తుంది, ఆ తర్వాత బ్లాక్ వాళ్లు నింపిన పేర్లు, పార్కింగ్ నంబర్లు అన్నీ పోయినట్టు కనిపించి గ్రూపులో ఇంకో గొడవ మొదలవుతుంది. ఆ వెర్షన్ పక్కనుండే మూడు చుక్కల్లో మేక్ ఎ కాపీ ఉంటుంది, కాపీ తీసి అందులోంచి ఆ క్లాజు ఒక్కటే తెచ్చుకోండి.

ఇక అసలు పనికి: ఫైలుని రెండుగా చీల్చేయండి. బైలాస్ ఒక డాక్, అందరికీ వ్యూ మాత్రమే. అనుబంధాలు గూగుల్ షీట్‌లోకి మార్చండి, అవి ఎలాగూ టేబుళ్లే కదా. షీట్‌లో బ్లాక్‌కో ట్యాబ్ పెట్టి, డేటా మెనూలో ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్‌లోకి వెళ్లి, ఎ బ్లాక్ ట్యాబ్ ఎ బ్లాక్ ప్రతినిధికీ మీకూ మాత్రమే, ఇలా ఇచ్చుకుంటూ పోండి. ఈ సెట్టింగ్ కంప్యూటర్‌లో చేసుకోవాలి, తర్వాత వాళ్లు ఫోన్‌లో నింపుకోవచ్చు.

తెనాలి_డీటీపీ

నైట్‌షిఫ్ట్ బాబు చెప్పింది గూగుల్ వరకు కరెక్టు. కానీ అడిగినాయన ట్రెజరర్ గారు వర్డ్ మనిషి అన్నారు కదా, అందుకని వర్డ్ సంగతి చెప్తాను, ఇది నేను జాబ్ వర్కులో రోజూ వాడేది, స్కూళ్ల అప్లికేషన్లు, చిట్‌ఫండ్ ఫారాలు, అద్దె అగ్రిమెంట్లు అన్నీ ఇలాగే చేసి ఇస్తుంటాను.

రివ్యూ ట్యాబ్‌లో చివర్న రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ అని ఉంటుంది. నొక్కితే కుడి పక్కన ఒక పలక తెరుచుకుంటుంది. అందులో రెండోది ఎడిటింగ్ రిస్ట్రిక్షన్స్, అక్కడ టిక్కు పెట్టి కింద నో ఛేంజెస్ ఎంచుకోండి. ఇక్కడే అందరూ తికమక పడతారు. లాక్ చేయాల్సిన పేరా సెలెక్ట్ చేసి లాక్ బటన్ ఎక్కడుందా అని వెతుకుతారు, అలాంటిది లేదు. వర్డ్ లెక్క తిరగేసి ఉంటుంది, ముందు మొత్తం ఫైలు మూతపడుతుంది, ఎక్కడ రాయొచ్చో అది మాత్రం మనం తెరిచి పెట్టాలి. అనుబంధాల్లో నింపాల్సిన చోట్లు సెలెక్ట్ చేసి, దూరదూరంగా ఉంటే కంట్రోల్ నొక్కి పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి సెలెక్ట్ చేసి, ఎక్సెప్షన్స్ కింద ఎవ్రీవన్ దగ్గర టిక్కు పెట్టండి. తర్వాత ఎస్, స్టార్ట్ ఎన్‌ఫోర్సింగ్ ప్రొటెక్షన్ అనే బటన్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. అంతే, తెరిచిన భాగాలు లేత పసుపు రంగులో, రెండు పక్కలా బ్రాకెట్లతో కనిపిస్తాయి, మిగతా చోట కీ నొక్కితే అక్షరం పడదు.

ఫైల్లో ఎక్కువ భాగం తెరిచి ఉంచి కొంచెమే మూయాలంటే ఇంకో దారి ఉంది. కంట్రోల్ ఏ కొట్టి మొత్తానికి ఎవ్రీవన్ టిక్కు పెట్టేసి, ఆ తర్వాత మూయాల్సిన క్లాజులు మాత్రం సెలెక్ట్ చేసి ఆ టిక్కు తీసేయండి. మీ బైలాస్ పెద్దదై ఉంటుంది కాబట్టి మీకు మొదటి పద్ధతే సుఖం.

కేవలం ఖాళీలు నింపించుకోవడమే అయితే, పేరు, ఫ్లాట్ నంబరు, తేదీ లాంటివి, ఇంకా అందంగా కంటెంట్ కంట్రోల్స్‌తో చేయొచ్చు. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లో డెవలపర్ ట్యాబ్ టిక్కు పెడితే పైన ఆ ట్యాబ్ వస్తుంది, అందులోంచి ఖాళీల చోట టెక్స్ట్ కంట్రోల్, తేదీ చోట డేట్ పికర్ పెట్టి, మొత్తం సెలెక్ట్ చేసి గ్రూప్ కొడితే ఆ గడుల్లో తప్ప బయట ఏదీ టైపు కాదు. దీనికి పాస్‌వర్డ్ ఉండదు, తెలిసినవాడు అన్‌గ్రూప్ కొట్టేస్తాడు, అయినా మామూలుగా ఫారాలు నింపేవాళ్ల జోలికి అది రాదు.

ఇంకోమాట అండీ, మీ బైలాస్ తెలుగులో ఉంటే అది యూనికోడ్‌లో (ఏ సిస్టంలోనైనా కనిపించే పద్ధతి) ఉందా, అను ఫాంట్లలో (పాత డీటీపీ ఫాంట్లు) ఉందా చూసుకోండి. అనులో కొట్టినదైతే ఫాంటు లేని సిస్టంలో పిచ్చి గీతలు కనిపిస్తాయి, అది చూసి ఎవరో "సరిచేద్దామని" కూర్చుంటే మీరు లాక్ చేయాలనుకున్నది లాక్ చేసే లోపే ఖరాబవుతుంది.

సి_బ్లాక్_సెక్రటరీ

ఇద్దరికీ చాలా థాంక్స్. బైలాస్ ఇంగ్లీషులో ఉంది, తెలుగు అనువాదం వెనక యూనికోడ్‌లోనే ఉంది, ఆ టెన్షన్ లేదు. లింకు మూసేశాను, మూసిన అరగంటకే గ్రూపులో "ఓపెన్ అవడం లేదు, ఏమైంది" అని ఇద్దరు అడిగారు, వాళ్లు అనుబంధాలు నింపాల్సినవాళ్లు కూడా కాదు!

తెనాలి గారూ, మీరు చెప్పినట్టు ట్రెజరర్ గారి సిస్టంలో చేసి చూశాం, భలే వచ్చింది, ఆయన ముచ్చటపడి పాస్‌వర్డ్ డైరీలో రాసుకున్నారు. కానీ ఆ ఫైలు వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్) పెట్టి లింకు పంపితే బ్రౌజర్‌లో తెరిచిన బి బ్లాక్ ఆవిడకి పసుపు రంగు భాగం కూడా ఎడిట్ అవడం లేదు, చదవడానికి మాత్రమే వస్తోందట. మేమేమైనా మర్చిపోయామా?

తెనాలి_డీటీపీ

ఏమీ మర్చిపోలేదు. బ్రౌజర్‌లో నడిచే వర్డ్‌కి ఇదొక లోటు, రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ పెట్టిన ఫైలుని అది చూపిస్తుంది గానీ రాయనివ్వదు, తెరిచి ఉంచిన భాగాల్లో కూడా. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన వర్డ్‌లో తెరిస్తేనే పని జరుగుతుంది. అంటే మీ ఫోన్ ప్రతినిధులకి ఈ దారి కుదరదు, కంప్యూటర్ ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నింపి పంపుకునే పద్ధతైతే బ్రహ్మాండంగా ఉంటుంది.

లిబ్రే_లోకం

వర్డ్ తిరగేసి చేసేది లిబ్రే ఆఫీస్ రైటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేరుగా చేస్తుంది, ఎవరూ దీని పేరే ఎత్తలేదేంటి. లాక్ చేయాల్సిన పేజీలు సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్ మెనూలో సెక్షన్ కొట్టి, ప్రొటెక్ట్ టిక్కు పెట్టి, పక్కనే పాస్‌వర్డ్ పెట్టేయండి. ఆ సెక్షన్ ఒక్కటే మూసుకుంటుంది, మిగతా ఫైలంతా మామూలుగా రాసుకోవచ్చు. తర్వాత మార్చాలంటే ఫార్మాట్ మెనూలో సెక్షన్స్. టేబుల్లో కొన్ని గడులే మూయాలంటే టేబుల్ మెనూలో ప్రొటెక్ట్ సెల్స్ వేరే ఉంది. పైసా ఖర్చు లేదు. ఫైలు మాత్రం ఓడీటీలోనే (రైటర్ సొంత ఫార్మాట్) దాచుకోండి, వర్డ్ ఫార్మాట్‌లోకి మార్చి పంపితే లాక్ అవతల ఎలా కనిపిస్తుందో అని మళ్లీ ఒకసారి చూసుకోవాల్సి వస్తుంది.

ఫోన్ వాళ్లకి ఇదీ పరిష్కారం కాదు, ఒప్పుకుంటాను.

నైట్‌షిఫ్ట్

తెనాలి గారూ, లిబ్రే గారూ, తప్పుగా అనుకోకండి, కానీ ఇక్కడ జరిగింది పొరపాటున కీ తగలడం కాదు కదా, ఎవరో కావాలనే క్లాజు మార్చారు. అలాంటివాళ్ల ముందు ఈ పాస్‌వర్డ్ ఎంతసేపు నిలుస్తుంది? వర్డ్ ఫైలు (.docx) అంటే లోపల ఒక జిప్ ఫైలే, అంటే చిన్న చిన్న ఫైళ్ల మూట. రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ అనేది అందులో సెట్టింగ్స్ ఫైల్లో ఒక చిన్న ట్యాగ్, టెక్స్ట్ మాత్రం ఏ తాళం లేకుండా పక్కనే పడి ఉంటుంది. అంత కష్టం కూడా అక్కర్లేదు, మొత్తం కాపీ కొట్టి కొత్త ఫైల్లో పేస్ట్ చేసి అదే పేరుతో సేవ్ చేస్తే చాలు. ఫైలుని నిజంగా ఎన్‌క్రిప్ట్ చేసేది ఇంకోటుంది, ఫైల్ మెనూలో ఇన్ఫో, ప్రొటెక్ట్ డాక్యుమెంట్, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్. దాంతో పాస్‌వర్డ్ లేనివాడు అసలు తెరవలేడు, కానీ తెరిచినవాడు అంతా మార్చగలడు, కాబట్టి మీ సమస్యకి అదీ మందు కాదు.

నేను చెప్పిన గూగుల్ షీట్ లాక్ కూడా ఇంతే లెండి, కాపీ తీసుకుని అందులో ఇష్టమొచ్చింది రాసుకునేవాణ్ణి అది ఆపదు, దాన్ని భద్రత కోసం వాడొద్దని గూగుల్ సహాయ పేజీలోనే రాసి ఉంటుంది. తేడా ఏంటంటే, అసలు ఫైలు ఒకే చోట ఉంటుంది, ఎవరి పేరుతో ఏం మారిందో హిస్టరీలో పడుతుంది. వర్డ్ ఫైలు మెయిల్లో నలుగురి దగ్గరికి వెళ్లి నాలుగు కాపీలయ్యాక ఏది అసలో ఎవరు చెప్తారు?

తెనాలి_డీటీపీ

బాబూ, అది నాకూ తెలుసు. నా దగ్గర ఫారాలు చేయించుకునేవాళ్లలో జిప్పు విప్పి ట్యాగులు తీసేవాడు ఇప్పటిదాకా తగల్లేదు. వేలు జారి పేరా ఎగిరిపోయేవాళ్లే ఎక్కువ, వాళ్ల కోసమే ఈ లాకు.

కావాలని మార్చేవాళ్ల సంగతికొస్తే వర్డ్‌లో అదే పలకలో ఇంకో ఆప్షన్ చూడండి, నో ఛేంజెస్ బదులు ట్రాక్డ్ ఛేంజెస్. అప్పుడు ఎవరైనా ఎక్కడైనా రాయొచ్చు, కానీ ప్రతి మార్పూ గీతలతో కనిపిస్తుంది, పాస్‌వర్డ్ లేకుండా ఆ ట్రాకింగ్ ఆపలేరు, అప్రూవ్ కూడా చేయలేరు. ముసాయిదా మీద చర్చ జరిగేటప్పుడు లాక్ కన్నా ఇదే మేలు. ఇంక ఎవరైనా కాపీ కొట్టి కొత్త ఫైలు పట్టుకొచ్చారనుకోండి, రివ్యూలో కంపేర్ అని ఉంటుంది, పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ ఇస్తే తేడా పడిన ప్రతి పదం బయటపెడుతుంది. గూగుల్ డాక్స్‌లో కూడా టూల్స్ మెనూలో కంపేర్ డాక్యుమెంట్స్ ఉంది.

కాగితాల_లాయర్

సెక్రటరీ గారూ, మీరు సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు గానీ నాకు భయం వేసింది వేరే విషయానికి. ఆ గూగుల్ డాక్ మీ బైలాస్ కాదు, బైలాస్‌కి ఒక కాపీ మాత్రమే. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో రిజిస్టర్ అయి ఉంటాయి. మీది ఏదైనా సరే, రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన ప్రతి ఏదో అదే బైలాస్. జనరల్ బాడీలో పద్ధతి ప్రకారం తీర్మానం చేసి, సవరణను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తే తప్ప అందులో అక్షరం కూడా మారదు. డాక్‌లో ఎవరు "సమానంగా" అని రాసినా, "ఉచితంగా" అని రాసినా ఒకటే.

మీటింగ్‌కి ముందు రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి. అది చేతిలో ఉంటే "మా ఫోన్‌లో ఇలా ఉంది" అనే వాదన అక్కడే ఆగుతుంది. దాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ గ్రూపులో పెట్టండి, ముద్రలు, సంతకాలు కనిపించేలా ప్రతి పేజీ. చదువుకోవడానికి వీలుగా టైపు చేసిన డాక్ కూడా ఉంచుకోవచ్చు, మొదటి పేజీలో ఇది సమాచారం కోసం మాత్రమే, రిజిస్టర్డ్ ప్రతే ప్రమాణం అని ఒక లైను రాయండి.

ఇంకా, ఈ మార్పు ఎవరు చేశారో తేల్చడానికి మీటింగ్‌లో సమయం పెట్టొద్దని నా సలహా. హిస్టరీలో పేరు లేదంటున్నారు, పేరు లేకుండా అనుమానం మీద మాట్లాడితే అది ఇంకో కేసవుతుంది. క్లాజు ఫలానా తేదీన మారింది, సరిచేశాం, రిజిస్టర్డ్ ప్రతి ఇదిగో అని మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాయించండి. మెయింటెనెన్స్ లెక్క నిజంగానే మార్చాలని కొందరికి ఉంటే, ఉండొచ్చు, అందులో తప్పేం లేదు, ఎజెండాలో పెట్టమని రాతపూర్వకంగా అడగమనండి.

సి_బ్లాక్_సెక్రటరీ

లాయర్ గారూ, ఇది మేమెవరం ఆలోచించలేదు. ప్రెసిడెంట్ గారికి చూపించాను, సర్టిఫైడ్ కాపీకి అప్లై చేస్తున్నాం. బైలాస్ వేరే, షీట్ వేరే చేసేస్తున్నాం, ఫోన్ వాళ్లకి షీట్ ట్యాబ్ ఇచ్చాం, పనవుతోంది. ట్రెజరర్ గారికి మాత్రం వార్షిక నివేదిక వర్డ్‌లోనే, తెనాలి గారి పసుపు గడులతో.

ఒక చిక్కు మిగిలింది. ఆ పాత గూగుల్ డాక్ ఓనర్‌గా ఇంకా పాత సెక్రటరీ గారి సొంత జీమెయిలే ఉంది. నేను ఎడిటర్‌ని మాత్రమే. ఆయన మంచివారే, కానీ ఇల్లు అమ్మేసి వెళ్లిపోయారు, ఫోన్ చేస్తే చూద్దాం అంటున్నారు.

నైట్‌షిఫ్ట్

అన్నా, అయితే అది తేలేదాకా మీరు పెట్టిన సెట్టింగ్‌లు నమ్ముకోవద్దు, ఓనర్ ఎప్పుడైనా మార్చేయగలడు, ఫైలు డిలీట్ కూడా చేయగలడు. ఆయన షేర్ బాక్స్‌లో మీ పేరు పక్కన ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్ నొక్కాలి, మీకు మెయిల్ వస్తుంది, మీరు ఒప్పుకోవాలి, అయిదు నిమిషాల పని. మీ సొంత ఐడీకి కాకుండా సంఘం పేరు మీద ఒక జీమెయిల్ తెరిచి దానికి మార్పించుకోండి, వచ్చే కమిటీకి ఈ తిప్పలు ఉండవు.

ఆయన ఇంకా చూద్దాం అంటుంటే ఫైల్ మెనూలో మేక్ ఎ కాపీ కొట్టి, ఆ కాపీనే అసలు ఫైలు చేసుకోండి, దానికి మీరే ఓనర్. కానీ కాపీకి పాత వెర్షన్ హిస్టరీ రాదు, కొత్తగా మొదలవుతుంది. అందుకని కాపీ తీసే ముందు పాత ఫైల్లో ఆ క్లాజు మారిన వెర్షన్ తెరిచి, తేదీ, టైం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పక్కన పెట్టుకోండి, లాయర్ గారు చెప్పిన మినిట్స్‌లో రాయడానికి అవే కావాలి. కాపీ తీసేటప్పుడు కామెంట్లు కూడా కాపీ చేయాలా అని కింద ఒక టిక్కు ఉంటుంది, పాత చర్చలు ఏమైనా ఉంటే అది పెట్టడం మర్చిపోకండి.